పనిపోయినవాడి దరఖాస్తు

ఉద్యోగం పోయిన కార్మికుడు భృతి అడగాలంటే ముందుగా ఇరవై రూపాయల స్టాంపు కాగితం కొనాలి. తనకు పని లేదని దానిమీద ప్రమాణపూర్వకంగా రాసి, నోటరీ చేత ముద్ర వేయించుకోవాలి. ఆ తరువాత, తనను పనిలోనుంచి తీసివేసిన యజమాని దగ్గరికే వెళ్లి, ఆ దరఖాస్తును ఈఎస్ఐ బ్రాంచి కార్యాలయానికి పంపించమని కోరాలి. 2018 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన మొదట నిర్దేశించిన పద్ధతి ఇది. ఇంత చేస్తే లభించేది సగటు దినవేతనంలో నాలుగోవంతు. అది గరిష్ఠంగా 90 రోజులకు, జీవితంలో ఒక్కసారికి మాత్రమే. నెలకు 12 వేల రూపాయల వేతనం మీద రెండేళ్లపాటు క్రమం తప్పక చందా చెల్లించిన మనిషికి మొత్తం కలిపి చేతికి వచ్చేది తొమ్మిది వేల లోపు.

2020లో లాక్‌డౌన్ దేశాన్ని స్తంభింపజేసిన తరువాత ఈ నిబంధనలు ఒక్కొక్కటిగా సడలాయి. ఆ ఆగస్టులో ఈఎస్ఐ కార్పొరేషన్ సమావేశమై భృతిని వేతనంలో సగానికి పెంచింది. పనిపోయిన 90 రోజుల తరువాతగానీ అడగకూడదన్న షరతును 30 రోజులకు తగ్గించింది. యజమాని ద్వారా రావలసిన అవసరం లేదని, కార్మికుడే నేరుగా బ్రాంచి కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వవచ్చని చెప్పింది. నవంబరులో ప్రమాణపత్రం కూడా అక్కరలేకపోయింది. స్టాంపు కాగితం, నోటరీ ముద్ర, యజమాని చలవ లేకుండానే పథకం నడుస్తుందని రెండేళ్ల తరువాత ప్రభుత్వమే తేల్చిందన్నమాట. మరి మొదట వాటిని పెట్టింది ఎందుకు? పనిలేని మనిషి మాటను నమ్మకపోవడం మన పాలనా వ్యవస్థకు కొత్తగా అబ్బిన అలవాటు కాదు. దాని మూలాలు వెతకాలంటే బ్రిటిష్ పాలన చివరి దశాబ్దాలకు వెళ్లవలసి ఉంటుంది.

బ్రిటన్‌లో నిరుద్యోగ బీమా 1911 నాటి జాతీయ బీమా చట్టంతో మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ కార్మిక సమావేశం నిరుద్యోగంపై ఒక ఒడంబడికను ఆమోదించింది. ఉచిత ఉపాధి కార్యాలయాలు నెలకొల్పడం అందులో ప్రధాన బాధ్యత. భారత ప్రభుత్వం 1921లో దానిపై ఆమోదముద్ర వేసి, 1938లో ఉపసంహరించుకుంది. ఈ రెండు తేదీల మధ్య, 1929లో, జె.హెచ్. విట్లీ అధ్యక్షతన కార్మిక సమస్యలపై రాయల్ కమిషన్ ఏర్పడింది. ఎన్.ఎం. జోషీ, దివాన్ చమన్‌లాల్ వంటి కార్మిక నాయకులు, శ్రీనివాస శాస్త్రి వంటి మితవాది, ఘనశ్యామ్‌దాస్ బిర్లా వంటి పారిశ్రామికవేత్త అందులో సభ్యులు. 1931లో వెలువడిన నివేదిక అనేక విషయాలలో నేటికీ చదవదగినదే. నిరుద్యోగ బీమా దగ్గర మాత్రం కమిషన్ వెనుకంజ వేసింది. పాశ్చాత్య దేశాల తరహా జాతీయ బీమా ఈ దేశంలో ఆచరణ సాధ్యం కాదని తేల్చింది. కార్మికులు నిలకడగా ఒకచోట ఉండరు, మిల్లులు మారుతుంటారు, ఊళ్లకు వెళ్లి వస్తుంటారు, ఎవరు నిరుద్యోగో ఎవరు సెలవు మీద ఉన్నారో గుర్తుపట్టడం ఎలా అన్నది దాని వాదం. నిరుద్యోగం తీవ్రమైన రోజుల్లో సహాయ పనులు చేపట్టడం గురించి మాత్రం ఆలోచించమంది. 1880 నాటి కరువు కమిషన్ తరువాత రూపొందిన కరువు నియమావళి ఛాయ ఆ సూచనలో కనిపిస్తుంది.

ఈ వాదం కింద ఒక నమ్మకం ఉంది. భారతీయ కార్మికుడికి అసలైన బీమా అతని పల్లె అన్నదే ఆ నమ్మకం. పని ఉన్నన్నాళ్లు నగరం, పని పోతే ఊరు. కమిషన్ దీనిని తన సొంత ఊహగా చెప్పలేదు. ఆనాటి మిల్లు యజమానులు, అధికారులు అందరూ అలాగే అనుకునేవారు. కానీ ఆ కాలపు కార్మికుల బతుకును పరిశీలిస్తే ఈ నమ్మకం నిలవదు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్లు ప్రాంతాల పద్మశాలీలు బొంబాయి, షోలాపూర్, భివండీ మగ్గాలకు వెళ్లింది ఊళ్లో నేత కుదేలైనందుకే. సెంటు భూమి లేని ఆ నేతగానికి మిల్లు తలుపు మూసుకుంటే ఊరు ఏమి పెడుతుంది? ఊళ్లో మిగిలినవాళ్లే నెలనెలా అతని మనియార్డరు కోసం ఎదురుచూసేవారు. బీమా చెల్లించవలసినవాళ్లుగా ప్రభుత్వం లెక్కవేసిన కుటుంబాలు నిజానికి ఆ కార్మికుడి సంపాదన మీద ఆధారపడినవే. ఈ చిన్న తలకిందుల లెక్క తరువాతి తొంభై ఏళ్ల విధానాన్ని శాసించింది.

1942 డిసెంబరులో బ్రిటన్‌లో బెవరిడ్జ్ నివేదిక వచ్చింది. నాలుగు నెలలు తిరక్కుండానే, 1943 మార్చిలో, పారిశ్రామిక కార్మికుల ఆరోగ్య బీమాపై నివేదిక ఇవ్వమని భారత ప్రభుత్వం బి.పి. అదార్కర్‌ను నియమించింది. అప్పుడు వైస్రాయ్ మండలిలో కార్మిక శాఖ బాధ్యతలు డాక్టర్ అంబేద్కర్‌వి. 1944 ఆగస్టు 15న అదార్కర్ సమర్పించిన నివేదికే తరువాత 1948 ఈఎస్ఐ చట్టానికి పునాది అయింది. బెవరిడ్జ్ వ్యాధి, నిరుద్యోగం, వృద్ధాప్యాలను ఒకే గొడుగు కిందికి తేగా, అదార్కర్‌కు అప్పగించిన పని ఆరోగ్యం వరకే. ఆ పరిధిలో ఆయన చేసింది గట్టి పనే. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూ ఈఎస్ఐ పథకాన్ని ప్రారంభించినప్పుడు జబ్బు, ప్రసూతి, గాయం, మరణం అన్నిటికీ అందులో చోటు దక్కింది. దక్కనిది పనిలేమి ఒక్కదానికే. జ్వరానికి డాక్టరు ధ్రువపత్రం ఉంటుంది. పనిలేమిని ధ్రువీకరించడానికి బ్రిటన్‌లో ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజి ఉండేది. పని అడిగినా లేదని ఆ కార్యాలయమే చెబితే బీమా డబ్బు వచ్చేది. మన దగ్గరా 1945 జూలైలో, సైన్యం నుంచి విడుదలైన సిపాయిల కోసం, ఎక్స్‌ఛేంజీలు మొదలయ్యాయి. విభజన తరువాత శరణార్థులకు, ఆపైన అందరికీ వాటి తలుపులు తెరిచారు. కానీ ఎక్స్‌ఛేంజినీ ఈఎస్ఐనీ కలిపే దారం ఎవరూ కట్టలేదు. ఒకచోట పేరు నమోదు, మరొకచోట చందా వసూలు, రెంటి నడుమ పని పోయిన మనిషి. రాజ్యాంగంలోని 41వ అధికరణం నిరుద్యోగ సమయంలో ప్రభుత్వ సహాయాన్ని పేర్కొన్నది నిజమే. ఆ వాక్యంలోనే ఆర్థిక సామర్థ్యపు పరిమితికి లోబడి అన్న మాట కూడా ఉంది. 37వ అధికరణం పుణ్యమా అని దానిని పట్టుకుని కోర్టుకు వెళ్లే వీలు లేదు.

ఇక్కడ కథలోకి వి.వి. గిరి వస్తారు. రాష్ట్రపతిగా ఆయన పేరు తెలిసినంతగా ఈ అధ్యాయం తెలుగువారికి తెలియదు. బెంగాల్ నాగపూర్ రైల్వేలో కార్మిక సంఘం నడిపిన గిరి, ఉద్వాసనకు గురైన కార్మికుల కోసం 1928లో సమ్మెకు నాయకత్వం వహించారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. మరుసటి ఏడాదే బట్టల మిల్లుల్లో సరుకు అమ్ముడుపోక గుట్టలు పడింది. మిల్లులు షిఫ్టులు తగ్గించి కార్మికులను ఇంటికి పంపసాగాయి. 1953 అక్టోబరు 24న వచ్చిన ఆర్డినెన్స్, దాని వెంట వచ్చిన పారిశ్రామిక వివాదాల సవరణ చట్టం ఈ సందర్భంలో పుట్టినవే. మూల వేతనం, కరువు భత్యం కలిపి అందులో సగం లే-ఆఫ్ పరిహారంగా ఇవ్వాలి. ఏడాదిలో 45 రోజులకు ఈ హక్కు. శాశ్వతంగా తీసివేస్తే నెల రోజుల నోటీసుతో పాటు, పనిచేసిన ప్రతి సంవత్సరానికి పదిహేను రోజుల వేతనం ఇవ్వాలి. చివర చేరినవాడిని ముందు తీసివేయాలన్న నియమం కూడా ఆ చట్టంలోనిదే.

పనిపోయిన వ్యక్తికి డబ్బు చెల్లించాలని దేశవ్యాప్తంగా శాసించిన మొదటి చట్టం ఇది. ఒకనాడు ఉద్వాసిత కార్మికుల తరఫున సమ్మె చేసిన వ్యక్తి మంత్రిగా ఉండగా అది రావడం కాకతాళీయం కాదు. అయినా ఆ చట్టంలోనే 25-ఇ అనే సెక్షన్ ఒకటి ఉంది. లే-ఆఫ్‌లో ఉన్న కార్మికుడు పరిహారం కావాలంటే, పనివేళల్లో నిర్ణీత సమయానికి రోజుకు ఒక్కసారైనా ఫ్యాక్టరీకి వచ్చి కనిపించాలి. పని లేదని యాజమాన్యమే చెప్పింది, వస్తే పని ఇవ్వదు. అయినా రావాలి. రాకపోతే సగం జీతం కూడా రాదు. పొద్దున్నే సైరను వేళకు గేటు దగ్గర నిలబడి, పేరు రాయించుకుని, పని లేకుండానే వెనుదిరిగే వరస ఈ సెక్షన్ ఫలితం. అంతకుమించిన లోపం మరొకటి ఉంది. పరిహారం భారమంతా యజమానిది. దివాలా తీసిన యజమాని దగ్గర ఎక్కడినుంచి వస్తుంది? పైగా మిల్లు మొత్తంగా మూసేస్తే అది ఉద్వాసన కిందికి రాదని 1956లో హరిప్రసాద్ శివశంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1957లో పార్లమెంటు చట్టాన్ని సవరించి మూసివేతకూ పరిహారం చేర్చింది. యజమాని చేతిలో లేని అనివార్య కారణాలతో మూసివేసిన పక్షంలో మాత్రం అది మూడు నెలల వేతనానికి మించదు.

ఈ ఏర్పాటు ఎంత బలహీనమో బొంబాయి చూపింది. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన మొదలైన మిల్లు సమ్మెలో రెండున్నర లక్షల మంది ఉన్నారు. సమ్మె అధికారికంగా విరమించినవారెవరూ లేరు. అది కరిగిపోయింది, దానితో పాటు మిల్లులూ పోయాయి. 1986 సెప్టెంబరులో కేంద్రం జౌళి కార్మికుల పునరావాస నిధి పథకం తెచ్చింది. శాశ్వతంగా మూతపడిన మిల్లు కార్మికుడికి మొదటి ఏడు వేతనంలో 75 శాతం, రెండో ఏడు 50, మూడో ఏడు 25 శాతం. నిరుద్యోగ బీమాకు కావలసిన మూడు లక్షణాలూ దీనిలో ఉన్నాయి: పాత వేతనంతో ముడి, కాలపరిమితి, చెల్లించేది ప్రభుత్వం. ఒక్క పరిశ్రమకు సాధ్యమైనది తక్కినవాటికి ఎందుకు సాధ్యం కాలేదో ఆనాడు ఎవరూ గట్టిగా అడగలేదు.

అడగవలసిన రాజకీయ పక్షాలు అప్పటికి వేరే భాషలోకి వెళ్లిపోయాయి. డెబ్బైల నాటికి నిరుద్యోగి అంటే డిగ్రీ చేతబట్టి ఎక్స్‌ఛేంజి ముందు వరుసలో నిలబడ్డ యువకుడు అన్న బొమ్మ స్థిరపడింది. 1981లో వచ్చిన ‘ఆకలి రాజ్యం’ చిత్రంలో ఢిల్లీ వీధుల్లో ఉద్యోగం కోసం తిరిగిన తెలుగు కుర్రవాడు ఆ తరానికి ప్రతినిధి. 1959 చట్టం ఖాళీలను ఎక్స్‌ఛేంజికి తెలపడాన్ని యజమానులకు తప్పనిసరి చేసిందే తప్ప, అక్కడి జాబితా నుంచే తీసుకోవాలని చెప్పలేదు. ఎక్స్‌ఛేంజి పంపిన పేర్లనే పరిశీలించే ఆచారాన్ని చివరికి సుప్రీంకోర్టు 1996లో సడలించింది. అది కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ దాఖలు చేసిన కేసు. పత్రికా ప్రకటనల ద్వారా వచ్చేవారినీ పరిగణించాలని తీర్పు వచ్చాక, మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించుకునే ఆ కార్డుకు విలువ తరిగిపోయింది.

ఈ బొమ్మ నుంచే రాష్ట్రాల నిరుద్యోగ భృతి పుట్టింది. కేరళ 1982లో మొదలుపెట్టింది. ఉత్తరప్రదేశ్‌లో 2006లో ములాయం సింగ్ నెలకు 500, 2012లో అఖిలేశ్ వెయ్యి రూపాయలు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018 అక్టోబరు 2న ముఖ్యమంత్రి యువనేస్తం పేరిట 22 నుంచి 35 ఏళ్ల చదువుకున్న నిరుద్యోగులకు వెయ్యి రూపాయల పథకం ప్రారంభించింది. అదే ఏడాది తెలంగాణ ఎన్నికల్లో తెరాస 3,016 రూపాయల హామీ ఇచ్చింది, అది అమలుకు నోచుకోలేదు. 2024లో తెలుగుదేశం హామీ మూడు వేలు. మొత్తాలపై వేలంపాట సాగినంతకాలం, తెలుగులో ‘నిరుద్యోగ భృతి’ అన్న మాట అర్థమే మారిపోయిందని ఎవరూ గమనించలేదు. ఆ మాట ఇప్పుడు ఇంకా ఉద్యోగం రాని పట్టభద్రుడిని సూచిస్తుంది. ఉన్న ఉద్యోగం పోయిన నలభై ఐదేళ్ల కార్మికుడు ఆ దరఖాస్తులో వయసు గడి దగ్గరే ఆగిపోతాడు. ఓటుగా చూస్తే మొదటివాడు ఒక తరం, రెండోవాడు ఒక మూతపడిన మిల్లు. పార్టీలు ఎవరిని ఎంచుకుంటాయో చెప్పనక్కరలేదు.

1992లో సరళీకరణతో పాటు జాతీయ పునరుద్ధరణ నిధి వచ్చింది. కార్మికులకు కొత్త నైపుణ్యాలు నేర్పి వేరే పనుల్లో కుదర్చడం దాని ప్రకటిత లక్ష్యాలలో ఒకటి. డబ్బులో అత్యధిక భాగం ప్రభుత్వరంగ సంస్థల స్వచ్ఛంద పదవీ విరమణకే పోయింది. ఆ ‘స్వచ్ఛంద’ అన్న విశేషణాన్ని వరంగల్లు వాసులు గుర్తుపడతారు. 1934లో నిజాం కాలంలో మొదలైన ఆజంజాహీ మిల్లు 2002లో మూతపడినప్పుడు మిగిలిన కార్మికులు సాగనంపబడింది ఈ పథకం కిందనే. తరువాత వచ్చిన ఈఎస్ఐ భృతి పథకాలు రెండూ స్వచ్ఛంద విరమణ తీసుకున్నవారిని అనర్హులుగా చూశాయి. ఇష్టపడి వెళ్లినవాడు నిరుద్యోగి కాడట. మిల్లు మూసేస్తామని చెప్పి ముందుంచిన కాగితం మీద చేసిన సంతకంలో ఇష్టం పాలెంతో కొలిచే గడి ఏ ఫారంలోనూ లేదు.

ఎట్టకేలకు 2005 ఏప్రిల్ 1న, ఈఎస్ఐ చట్టం వచ్చిన 57 ఏళ్లకు, రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన రూపంలో పనిలేమికి ఆ గొడుగు కింద చోటు దొరికింది. మొదట ఐదేళ్లు చందా కట్టినవారికి, ఆరు నెలలపాటు సగం వేతనం. తరువాత చందా షరతు రెండేళ్లకు దిగింది, గడువు రెండేళ్లకు పెరిగింది, రెండో ఏడు మాత్రం పావు వేతనం. చూడటానికి ఇది ఉదారమైనదే. చిక్కంతా ఉద్యోగం ఎలా పోవాలన్న దానిలో ఉంది. ఫ్యాక్టరీ చట్టప్రకారం మూతపడాలి, లేదా కార్మికుడు చట్టప్రకారం ఉద్వాసనకు గురికావాలి, లేదా శాశ్వత వైకల్యం పొందాలి. కానీ మన ఫ్యాక్టరీలలో మూసివేతకు అనుమతి తీసుకుని మూసేవి తక్కువ. గేటుకు తాళం పడుతుంది, లాకౌటు అంటారు, ఏళ్లు గడుస్తాయి. భీమిలి దగ్గరి చిట్టివలస జనపనార మిల్లులో 2009లో ప్రకటించిన లాకౌటు ఏళ్ల తరబడి సాగింది. చట్టం దృష్టిలో లాకౌటు తాత్కాలికం. కార్మికుడు నిరుద్యోగి కాడు, ఉద్యోగీ కాడు.

అదే 2005లో పల్లెల కోసం మరో చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకం, కరువు నియమావళి నుంచి మహారాష్ట్ర ఉపాధి హామీ మీదుగా వచ్చిన వారసత్వం. ఆ చట్టం ఏడో సెక్షన్ చాలామందికి తెలియని నిరుద్యోగ భృతి. పని అడిగిన పదిహేను రోజుల్లో ఇవ్వకపోతే మొదటి ముప్పై రోజులు కూలిలో కనీసం నాలుగోవంతు, ఆపైన కనీసం సగం చెల్లించాలి. ఆ చట్టంలో వేతనాల భారం కేంద్రానిది, ఈ భృతి భారం మాత్రం రాష్ట్రానిదిగా ఉండేది. దీని పర్యవసానం ఊహించడం కష్టం కాదు. పదిహేను రోజుల లెక్క దరఖాస్తు తేదీ నుంచి మొదలవుతుంది గనుక, తేదీ వేసిన రసీదు ఇవ్వకపోతే లెక్కే మొదలు కాదు. ఎన్నో రాష్ట్రాలలో కూలీ సంఘాలు పని కోసం పోరాడినంతగా ఆ రసీదు కోసమూ పోరాడవలసి వచ్చింది.

2020 ఏప్రిల్‌లో దేశంలో 12 కోట్లకు పైగా ఉద్యోగాలు పోయాయని సీఎమ్ఐఈ అంచనా వేసింది. లక్షలాది మంది నగరాలనుంచి నడక సాగించారు. రైళ్లు లేకపోయినా వాళ్లు ఊళ్లకే వెళ్లారన్న దృశ్యాన్ని చూసి, కార్మికుడికి పల్లె ఉందన్న 1931 నాటి మాట నిజమేననుకున్నవారూ ఉన్నారు. కొద్ది నెలలకే అదే మనుషులు అదే నగరాలకు తిరిగివచ్చారు. ఈఎస్ఐ సడలింపులు వారిలో అత్యధికులకు సంబంధించినవి కావు. వారి పేరిట ఎవరూ చందా కట్టలేదు. మరో కొసన, హైదరాబాదు ఐటీ సంస్థల్లో పనిచేస్తున్నవారికీ అవి వర్తించవు, ఎందుకంటే 2017 జనవరి నుంచి ఈఎస్ఐ వేతన పరిమితి 21 వేలు. నడిచినవాడు ఆ పరిధికి కింద, ఇంటినుంచి పనిచేస్తూ ఒక ఈమెయిలుతో తొలగించబడ్డవాడు పైన.

అదే 2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల స్మృతి, పాత చట్టాన్ని రద్దుచేస్తూ, ఉద్వాసిత కార్మికుల కోసం పునఃశిక్షణ నిధిని పేర్కొంది. తీసివేసిన ప్రతి కార్మికుడికి యజమాని పదిహేను రోజుల చివరి వేతనాన్ని ఆ నిధిలో జమచేయాలి. అది 45 రోజుల్లో కార్మికుడి ఖాతాకు చేరాలి. దరఖాస్తు ప్రస్తావన కూడా లేదు, ఆ మేరకు మెచ్చుకోవాలి. ముప్పై ఏళ్లు పనిచేసినవాడికీ, నిరుడు చేరినవాడికీ ఆ పదిహేను రోజులే. అయితే ఉద్వాసన నిర్వచనంలో 1984లో చేరిన మినహాయింపు కొత్త స్మృతిలోనూ కొనసాగింది: కాంట్రాక్టు గడువు ముగిసి, తిరిగి పొడిగించకపోతే అది ఉద్వాసన కాదు. నిర్ణీత కాలపు నియామకాలకు మార్గం సుగమం చేసింది కూడా ఈ స్మృతే. పదకొండు నెలలకోసారి గడువు ముగిసే కార్మికుడి ఖాతాకు ఆ నిధి నుంచి రావలసినది ఏమీ లేదు.